జట్టు మూతపడ్డాక అర్ధవీడు దారిలో ఒక కృతజ్ఞత కూడిక

మా ఫుట్‌బాల్ జట్టుకు ఇదే చివరి సీజన్ అని సగం మ్యాచ్‌లు అయ్యాక చెప్పారు. బెంగళూరులో ప్రాక్టీసు ముగించి బూట్లు విప్పుకుంటుంటే మేనేజరు వచ్చాడు. డబ్బు పెట్టేవాళ్ళు తప్పుకున్నారనీ, ఈ ఏప్రిల్ తర్వాత ఆడవాళ్ళ జట్టు ఉండదనీ రెండు ముక్కల్లో చెప్పి వెళ్ళిపోయాడు. మిగిలిన మ్యాచ్‌లన్నీ ఆడాం. చివరిది ఒకటి ఒకటితో డ్రా. ‘ఆడాం’ అని ఘనంగా అంటున్నాను గానీ నేను రిజర్వు గోల్‌కీపర్‌ని. మూడు సీజన్లు కలిపి నేను గ్రౌండులో నిలబడింది నలభై ఒక్క నిమిషాలు. మిగతా కాలమంతా బెంచీ మీద కూర్చుని అందరినీ చూడడమే నా ఉద్యోగం. ఈ బ్లాగు కూడా ఆ బెంచీ పుణ్యమే. జట్టు పోయిందంటే ఏడవాలి కదా, మిగతా పిల్లలంతా ఏడ్చారు. నాకు మాత్రం హమ్మయ్య అనిపించింది. ముప్పై ఒకటో ఏట తెల్లారుజామున లేచి తడిగడ్డి మీద బొక్కబోర్లా పడక్కర్లేదంటే హాయిగా ఉండదా మరి. ఆ మాట పైకి అనలేక అందరితో పాటు ముక్కు తుడుచుకున్నాను.

గుంటూరులో మా ఇంటికి చేరి పదిరోజులు కంటినిండా నిద్రపోయాక దీవెన నుంచి ఫోన్ వచ్చింది. దీవెన మా జట్టులో ఎడమవైపు డిఫెండరు. వాళ్ళది కంభం పక్కన అర్ధవీడు దాటాక ఒక చిన్న పల్లె. రెండేళ్ళ కిందట ఒక మ్యాచ్‌లో తన మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషను, తొమ్మిది నెలలు మంచం, కర్ర, కసరత్తు. అప్పుడు వాళ్ళమ్మ మార్తమ్మ ఒక మొక్కు మొక్కుకుందట. ఆ కాలితో తన కూతురు ఒక సీజనంతా దెబ్బ తగలకుండా ఆడితే ఇంటి ముందు కృతజ్ఞత కూడిక పెట్టిస్తానని. క్రైస్తవుల ఇళ్ళలో ఏదైనా మేలు జరిగినప్పుడు బంధువులనీ ఊరివాళ్ళనీ పిలిచి, పాటలు, ప్రార్థన చేసి అందరికీ భోజనం పెడతారు, అదే కూడిక. “శుక్రవారం సాయంత్రం అక్కా. నువ్వు రావాల్సిందే” అంది. పిలుస్తున్న గొంతులా లేదు, పట్టుబడ్డ దొంగ గొంతులా ఉంది. ఎందుకో అర్థం కాలేదు. కంభం చెరువుకు ఎలా వెళ్ళాలని మీలో చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఒక్క దెబ్బకు రెండు పిట్టలని బయల్దేరాను.

గుంటూరు బస్టాండులో ఐదుంబావుకు మార్కాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు ఇప్పుడు టికెట్టు డబ్బుల్లేవు, మగవాళ్ళైతే రెండొందల యాభై దాకా ఉంచుకోండి. నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం మీదుగా తొమ్మిదిన్నరకు మార్కాపురంలో దిగాను. ఏప్రిల్ ఎండ అప్పటికే మాడు పగలగొడుతోంది. ఊళ్ళోకి వచ్చే దారి పక్కన పలకల ఫ్యాక్టరీల ముందు నల్లరాయి ముక్కలు గుట్టలుగా పోసి ఉంటాయి, కిటికీ పక్కన కూర్చుంటే కనిపిస్తాయి. బస్టాండు ఎదుట చిన్న హోటల్లో ఎర్రకారం దోసె తిన్నాను. కౌంటర్లో కూర్చున్న పెద్దావిడ నా ప్లేటు వైపు చూసి, “ఏందమ్మా, ఒక్కదాంతో సరిపెడ్తివి? యాడికి పోవాల?” అంది. కంభం అన్నాను. “అయితే ఇంకోటి తిను. ఎండలో పడిపోతే ఎవరు లేపుతారు?” అని నేను ఒప్పుకునేలోపే లోపలికి కేకేసింది. రెండు దోసెలు, టీ కలిపి ఎనభై రూపాయలు. కారం మాత్రం కంభం దాకా నాతోనే వచ్చింది.

పదీ పదికి కంభం బస్సు దొరికింది, పదకొండున్నరకు అక్కడున్నాను. బస్టాండులో దీవెన నిలబడి ఉంది. రెండు వారాల్లోనే మొహం పీక్కుపోయింది. చెరువుకు వెళ్ళి రావడానికి రెండొందలకు ఆటో మాట్లాడింది. ఆటో అబ్బాయి అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ, “మీరు బాల్ ఆట ఆడతారంట కదక్కా. ఆడోళ్ళకు దానికి జీతం ఇస్తారా?” అన్నాడు.

“ఇచ్చేవాళ్ళు” అన్నాను. దీవెన నా చెయ్యి రక్తం వచ్చేలా గిల్లింది.

కంభం చెరువు గురించి ఒక్క మాట. రెండు కొండల మధ్య ఉన్న సందును కట్టతో మూసేస్తే వెనకాల ఇంత నీరు నిలిచింది. కట్ట చూస్తే చిన్నదే, దాని మీదికి ఎక్కి చూసినప్పుడే ఆ నీళ్ళ సంగతి తెలుస్తుంది. వేసవి కాబట్టి అంచుల్లో బురద తేలి, ఆ బురదలో గేదెలు పడుకుని ఉన్నాయి. పొద్దునో సాయంత్రమో వెళ్ళండి, మాలాగా మిట్టమధ్యాహ్నం వెళ్ళకండి. ఉన్న ఒక్క చెట్టు నీడలో నిలబడ్డాక దీవెన అసలు సంగతి చెప్పింది.

“ఇంట్లో చెప్పలేదక్కా.”

“ఏం చెప్పలేదు?”

“టీం పోయిందని. రెండు నెల్లాయె. రోజూ చెప్దామనుకుంటా, నోరు రాదు.”

ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. “మిరపకాయల కోతకు పోతే అమ్మను అననోళ్ళు లేరక్కా. ఆడపిల్లను నిక్కరేసి గ్రౌండ్ల మీద తిప్తాండావు, రేపు ఆ ఆట కూడు పెడ్తాదా అని. అమ్మ ఒక్కతే అందరికీ బదులు చెప్పింది. ఇప్పుడు టీమే లేదంటే వాళ్ళ ముందర తల ఎట్ల ఎత్తుకుంటాది?” అంది. పైగా ఫ్లెక్సీలో ‘రాబోయే సీజన్ కొరకు ప్రత్యేక ప్రార్థన’ అని కూడా వేయించారట. కూడికలో దీవెన లేచి సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు తనకు చేసిన మేలేమిటో నలుగురి ముందు తన నోటితో చెప్పాలి. “సాక్ష్యంలో అబద్ధం ఎట్ల చెప్తానక్కా?” అని నీళ్ళ వైపు తిరిగింది. నిజం చెబితే ఊరందరి ముందు అమ్మ పరువు పోతుంది, చెప్పకపోతే దేవుడి ముందు తనది పోతుంది. కూడిక కంటే ముందే అమ్మను పక్కకు పిలిచి చెప్పెయ్యమన్నాను. నేను పక్కనుంటానని మాటిచ్చాను. పక్కన కూర్చోవడంలో నాకున్న అనుభవం మామూలుది కాదు కదా.

కంభం నుంచి షేర్ ఆటోలో మనిషికి నలభై. అర్ధవీడు దాటి రెండింటికి ఊళ్ళో దిగాం. ఇంటి ముందు షామియానా వేస్తున్నారు, పక్కన రాళ్ళపొయ్యి మీద పొట్టేలు కూర ఉడుకుతోంది. మార్తమ్మ గారు సన్నగా, చురుగ్గా, చేతిలో గరిటెతో వచ్చారు. “వచ్చినావా పాపా! గోలు కాడ నిలబడేది నువ్వే కదా?” అన్నారు. “గోలు కాడ కాదు పెద్దమ్మా, బెంచీ కాడ” అంటే పకపకా నవ్వారు. నవ్వుతూనే వంగి, కూతురి మోకాలిని చీర కొంగుతో తుడిచి, బొటనవేలితో నొక్కి చూశారు. ఎన్నిసార్లు చేసిన పనో, అంత అలవాటుగా చేశారు.

ఆ మనిషిని ఒంటరిగా పట్టుకోవడం మా వల్ల కాలేదు. దీవెన “అమ్మా, ఒక మాట” అని మొదలుపెడితే విస్తరాకుల కట్ట తెమ్మని పంపించారు. రెండోసారి “అమ్మా” అంటే ఉప్పు చూడమన్నారు. మూడోసారి నేనే ధైర్యం చేసి “పెద్దమ్మా, దీవెన మీకు ఒక సంగతి చెప్పాలంట” అన్నాను. “ప్రార్థన అయినాక చెప్దువులే, ఇప్పుడు అన్నం అడుగంటుతాది” అని వెళ్ళిపోయారు. ఇంతలో పాస్టరు గారు బండి దిగనే దిగారు.

నాలుగున్నరకు కూడిక మొదలైంది. డోలక్, కంజీర, రెండు పాటలు. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగితే అక్కడ కూర్చున్నవాళ్ళంతా ‘స్తోత్రం’ అంటారు. ఇద్దరు ముగ్గురు మాట్లాడేసరికి నాకూ అలవాటైపోయింది. తర్వాత దీవెన లేచింది. మైకు రెండు చేతులతో పట్టుకుంది.

“రెండేండ్ల కిందట నా మోకాలు తెగింది.”

“స్తోత్రం!”

“దేవుడు డాక్టర్ల చేత బాగు చేయించినాడు.”

“స్తోత్రం!”

“ఈ ఏడు అన్ని మ్యాచులూ ఆడినా. ఒక్క దెబ్బ తగల్లేదు.”

“స్తోత్రం!” అందరికంటే గట్టిగా మార్తమ్మ గారి గొంతు వినిపించింది.

దీవెన ఆగింది. అమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది, తర్వాత కళ్ళు మూసుకుంది. “మా టీం మూసేసినారు.”

“స్తోత్రం!” అంది షామియానా మొత్తం, ఎప్పటిలాగే, ఇంకాస్త హుషారుగా. నేను కూడా అన్నాను. నా వరకు అది అబద్ధమూ కాదు.

ఒక్క క్షణం తర్వాత గాని ఎవరికీ బుర్రకెక్కలేదు. ముందు వరసలో ఒక అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏందీ? మూసేసినారా?” అంది. “ఔ అవ్వా. ఇంక ఆ టీం లేదు, వచ్చే సీజనూ లేదు. రెండు నెల్లాయె. నేనే చెప్పలేదు” అంది దీవెన. అందరి తలలూ మార్తమ్మ గారి వైపు తిరిగాయి. ఆమె మెల్లగా లేచి నిలబడ్డారు. “నిజంగానా?” అన్నారు. “నిజమేమ్మా.” “అయితే ఇంక ఎవురో తంతాంటే కాలు అడ్డం పెట్టే పని లేదా?” “లేదమ్మా.” మార్తమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని నేను లేవబోయాను. ఏడుపు కాదు, నవ్వు. కొంగు తీసి, ఒక్కరే, నిదానంగా “స్తోత్రం” అన్నారు. షామియానా ఎగిరిపోయేలా నవ్వారు జనం. పాస్టరు గారు నవ్వాపుకుని, రాబోయే సీజన్‌ను రాబోయే దినాలుగా సర్ది ప్రార్థన ముగించారు.

భోజనాల దగ్గర మార్తమ్మ గారు మా ఇద్దరి మధ్య కూర్చుని, విస్తరి నిండా అన్నం పెట్టుకున్నారు. కోపం లేదా అని దీవెన అడిగింది. “కోపమెందుకే? నీ మోకాలు తెగిన కాడ్నుంచి నీ మ్యాచ్ ఉన్న దినాన నేను అన్నం ముట్టలేదు. వాటర్ ట్యాంకు కాడ తప్ప మనూర్లో సిగ్నల్ రాదు కదా, ఫోను పట్టుకుని ఆడ్నే కూర్చునేదాన్ని. బాగున్నామ్మా అని నువ్వంటే అప్పుడు ఇంటికొచ్చి తినేదాన్ని” అన్నారు.

“మ్యాచ్ ఆరింటికే అయిపోతాది కదమ్మా! నేను ఫోన్ చేసేది తొమ్మిదిన్నరకు!”

“తొమ్మిదిన్నరకే తింటి.”

అవతల కూర్చున్న దీవెన నాయన తలెత్తి, “నేను మాత్రం ఏడింటికే తిన్నా. ఈ పూట అబద్ధమెందుకు” అన్నారు. అందరం నవ్వాం. దీవెన నవ్వలేదు. “అంత భయమైతే ఆడొద్దని ఒక్కసారన్నా చెప్పకపోతివా?” అంది.

“చెప్తే మానేస్తావని చెప్పలేదు” అన్నారు మార్తమ్మ గారు, కూర కలుపుకుంటూ. మిరపచేల వాళ్ళు ఏమంటారో అని దీవెన అంటే, “అననీ. నా బిడ్డ రెండు కాళ్ళ మీద నడిచి ఇంటికొచ్చింది” అన్నారు. దీవెన విస్తరిలో ఉన్నదంతా ఊడ్చుకు తింది. తర్వాత రెండోసారి కూర వేయించుకుంది.

ఆ రాత్రి అక్కడే పడుకుని, పొద్దున ఆరున్నర ఆటోకు కంభం వచ్చాను. దారంతా ఆ మూడున్నర గంటల గురించే ఆలోచించాను. ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా మేమేం చేసేవాళ్ళం? కాళ్ళకు ఐసు పెట్టుకునేవాళ్ళం, సెల్ఫీలు దిగేవాళ్ళం, బస్సులో పాటలు పాడుకునేవాళ్ళం, బిర్యానీ తినేవాళ్ళం. ఓడిపోయిన రోజు మూతులు ముడుచుకుని ఎవరికీ ఫోనే చేసేవాళ్ళం కాదు. దీవెన ఏదో బడిలో పిల్లలకు ఆట నేర్పే పని వెతుక్కుంటానంటోంది, దొరుకుతుందో లేదో తెలీదు. నా సంగతీ అంతే. అయినా జట్టు పోయినందుకు తేలికపడ్డానని ఇన్నాళ్ళూ లోపల సిగ్గుపడ్డాను, ఇప్పుడు ఆ సిగ్గు లేదు. నాకంటే ఎక్కువ తేలికపడ్డ మనిషిని, పక్కనే కూర్చుని, కడుపునిండా తింటుండగా చూశాను.

అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. అర్ధవీడు దాటాక సిగ్నల్ దొరకడం కష్టం కాబట్టి, కంభంలో దిగగానే ఇంటికి ఫోన్ చేసి ‘చేరాను, బాగున్నాను’ అని చెప్పండి. చెరువు ఫోటోలు ఆ తర్వాత తీసుకోవచ్చు. ఆ ఒక్క మాట కోసం ఇంట్లో ఎవరో అన్నం ముట్టకుండా కూర్చుని ఉండొచ్చు, మీకు ఎప్పటికీ చెప్పకపోవచ్చు.