వాసన దగ్గర సున్నా

సైనస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను మూడు నెలలకోసారి పిలిచి రెండు పనులు చేస్తాను. ముందు ఒక కాగితం ఇస్తాను. ముక్కు దిబ్బడ, తలనొప్పి, నిద్రపట్టకపోవడం, వాసన తెలియకపోవడం, ఇట్లా ఒక్కో బాధకూ సున్నా నుంచి ఐదు దాకా అంకె వేయాలి. తర్వాత సన్నటి గొట్టం కెమెరా పెట్టి, ముక్కులో పెరిగితే తీసేసిన కండ మళ్లీ మొలిచిందేమో చూస్తాను. కాగితం ఒకటి చెప్పడం, కెమెరా ఇంకొకటి చెప్పడం మామూలే. ఎందుకో తెలుసుకోకపోతే మాత్రం నాకు అన్నం సయించదు.

తిరుపతిలో నా దగ్గరికి పుత్తూరు పక్క పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. అరవై దాటిన వైష్ణవులు. చిన్న పెరుమాళ్ల గుడిలో నైవేద్యం వండుతారు. రెండు ముక్కులూ కండతో పూడిపోయి ఏళ్ల తరబడి నోటితోనే ఊపిరి పీల్చుకున్న మనిషి. ఆపరేషన్ నేనే చేశాను. మూడో నెలలో ముక్కు శుభ్రంగా ఉంది. ఆరో నెలలో వచ్చి వాసన దగ్గర సున్నా వేశారు, అంటే ఏ ఇబ్బందీ లేదని. కెమెరా పెడితే లోపల పైభాగాన, సరిగ్గా వాసన తెలిసే చోట, ఉడికిన సగ్గుబియ్యంలా చిన్న చిన్న కండలు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటారు. ఇంత అడ్డం పెట్టుకుని సున్నా ఎట్లా వేశారని గట్టిగానే అడిగాను. ఇప్పుడు ఆపకపోతే ఇంకోసారి కోయాలి, కంటికి అంత దగ్గరలో రెండోసారి కోయడం మొదటిసారి అంత తేలిక కాదు అని భయపెట్టాను కూడా. పెద్దాయన నేల చూశారు. పక్కనున్న ఆయన భార్య అసలు సంగతి చెప్పారు. ముక్కులో కొట్టుకోమన్న మందు రెండు నెలలుగా ముట్టలేదట. మొన్న ఇంట్లో పాలు మాడి కంపు కొడుతుంటే ఈయన పొయ్యి పక్కనే కూర్చుని పంచాంగం చూసుకుంటున్నారట.

కళ్లు మూసుకోమని ముక్కు కింద కాఫీపొడి పెట్టాను. ఏమీ రాలేదన్నారు. లవంగాలు పెట్టినా అదే మాట. అబద్ధం చెప్పే మనిషి కాదు. మరి సున్నా ఎందుకు?

కోపం ఎటు పోయిందో, తెలుసుకోవాలన్న గుబులు పట్టుకుంది. బయట ఎంతమంది ఉన్నారో కూడా మరచి, స్టూలు దగ్గరికి లాక్కుని ఆయన వంట గురించి అడిగాను. స్వామికి పెట్టేది రుచి చూడరు, వాసన కూడా చూడరు. మూతికీ ముక్కుకూ గుడ్డ కట్టుకుని వండుతారు. ఉప్పు చేతి కొలత, నెయ్యి కాగిందని చప్పుడే చెబుతుంది. మరి వాసన గుడ్డ దాటి వస్తేనో అన్నాను.

"దానంతట అది వస్తే తప్పు లేదమ్మా. మనం దాని దగ్గరికి పోతేనే తప్పు."

ఆయన భుజం మీది కండువా తీసి మడతలు పెట్టసాగారు. నేను తొందరపెట్టలేదు, అది నాకు అలవాటు లేని పని.

"ఆపరేషన్ అయినంక పొంగల్లో మిరియాల వాసన వచ్చింది. ఎన్నేండ్లయిందో! దానికోసరం గుడ్డ దించి, దినామూ మూత తీసినాను. స్వామి కంటే ముందు నేను ఆరగించినట్టే గదా. అందుకే మళ్లీ మూసేసినాడు. శిక్షకు మందేంది? దాన్ని జబ్బని ఎట్లా రాసేది?"

ఎంత బాగా కోసినా కొందరికి మళ్లీ మొలవడం ఆ కండ గుణమేనని, మందు మానితే ఇంకా త్వరగా పెరుగుతుందని, శిక్షకూ దీనికీ సంబంధం లేదని చెప్పాను. ఆయన మర్యాదకు తలూపారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నా చదువు అక్కడితో అయిపోయింది.

ఆవిడే కొంగు సర్దుకుని భర్త వైపు తిరిగారు. "మూత తీయబాకండి. మందు మానబాకండి. అంతే గదా."

మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చారు. కెమెరాలో సగ్గుబియ్యం కరిగిపోయింది, కాస్త వాపు మిగిలిందంతే. ఈసారి కాగితం కెమెరా తర్వాత ఇచ్చాను. వాసన దగ్గర ఆయన పెన్ను ఆగింది. మిరియాలు తెలుస్తున్నాయా అని అడిగాను.

ఒకటి, అంటే కాస్త ఇబ్బంది ఉందని వేసి, కాగితం నా చేతికిచ్చారు. "అదే వస్తా ఉండాదమ్మా. నేను పోవడం లేదు."