నాన్న చేతిలో చెంచా

మందుల షాపులో పనిచేసే ఒకాయనకు కూతురంటే ప్రాణం. పిల్ల తుమ్మితే చాలు, డాక్టర్ని అడక్కుండానే షాపులోంచి యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి చెంచాతో పోసేవాడు. భార్య వద్దంటే, "ఊరందరికీ ఇచ్చేవాణ్ణి, నాకు తెలీదా?" అని కసిరేవాడు.

ఐదేళ్లొచ్చినా పిల్ల ఒళ్లు చెయ్యలేదు. ఏం తిన్నా ఇమడదు. చివరికి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు.

"కడుపులో మంచి బ్యాక్టీరియా కూడా ఉంటుందయ్యా. తిన్నది ఒంటబట్టాలంటే అదీ కావాలి. ఆ మందులు దాన్నీ చంపేస్తాయి," అందావిడ. "ఇకమీదట పెరుగు, పళ్లు, కూరలు పెట్టండి. ఓపిక పట్టండి."

ఆ సాయంత్రం ఆయనే పెరుగు గిన్నె పట్టుకొచ్చి, చెంచా పిల్ల నోటి దగ్గర పెట్టాడు. పిల్ల మారాం చెయ్యలేదు. అలవాటు ప్రకారం కళ్లు గట్టిగా మూసుకుని, ముక్కు పట్టుకుని, బుద్ధిగా నోరు తెరిచింది.

"పెరుగే తల్లీ" అందామనుకున్నాడు. చెంచా గిన్నెలో పెట్టేసి, ముక్కు పట్టుకున్న ఆ చిన్ని వేళ్లని మెల్లగా విడదీశాడు.