రెండు కుంకుడు గింజలు

నిన్న మిర్యాలగూడలో, నేను పాఠం చెప్పే గదిలో, రెండు కుంకుడు గింజలు ఒకేసారి నేలను తాకాయి. టక్కుమని ఒక్కటే చప్పుడు. పిల్లలు కళ్ళు తెరిచి నవ్వారు. నాకు మాత్రం ఎప్పటిలాగే తల వాలిపోయింది. ఆ గింజలు అరుణ మేడంవి.

సూర్యాపేటలో ఇంటర్ చదివేటప్పుడు మాకు ఫిజిక్స్ చెప్పడానికి ఆవిడ మోతె నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. విసిరిన వస్తువు ఎలా కదులుతుందో చెప్పాల్సిన రోజు ఆవిడ బోర్డు ముట్టుకోలేదు. బల్ల అంచున రెండు గింజలు పెట్టి, "ఒకదాన్ని స్కేలుతోని దూరం కొడ్త, ఇంకోదాన్ని గీడనే కింద పడేస్త. ఏది ముందుగాల పడ్తది? కండ్లు మూసుకొని ఇనుండ్రి" అన్నారు. దూరం పోయేదే ఆలస్యమవుతుందని అందరూ అన్నారు. ఒక్కటే చప్పుడు వినబడేసరికి గదంతా గోల. "ముందుకు పోవుడు, కింద పడుడు, దేని పని దానిదే" అని మూడు రోజుల పాటు మళ్ళీ మళ్ళీ చేసి చూపించారు. నేను కళ్ళు మూసుకుంటేగా! గైడులోంచి సూత్రాలు ఎక్కించుకుంటున్నాను. క్లాసు ఫస్టునన్న పొగరు, ఏం చెప్పను!

ఆ వారమే లెక్చరర్ల మీద మా అభిప్రాయాలు పేర్లు లేకుండా చీటీల మీద రాయమన్నారు ప్రిన్సిపాల్. "మూడు రోజులుగా గింజలాట ఆడిస్తున్నారు, సిలబస్ కదలడం లేదు" అని రాశాను. అంతటితో ఊరుకున్నానా? పక్క బెంచీల వాళ్ళ చేతా అదే రాయించాను. నెల తిరక్కుండా ఆవిడను ఉద్యోగం మానుకోమన్నారు.

చివరి రోజు మేడం బోర్డు నిండా సూత్రాలు రాశారు. "గింజలాట ఖతం. ఇగ రాసుకోండ్రి" అన్నారు. నా మాట ఆవిడ నోట! సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్తూ వెళ్తూ గింజలు రెండూ నా నోటుపుస్తకం మీద పెట్టి, "నువ్వొక్కదానివే ఇనలే బిడ్డా. ఇంటికాడ జర కండ్లు మూసుకొని ఇను" అన్నారు. ఒక్క కోపపు మాట అనలేదు మహాతల్లి. ఆ సాయంత్రం మా ఇంటి గచ్చు మీద విన్నాను. ఒక్కటే చప్పుడు.

ఏళ్ళ తర్వాత కోదాడ బస్టాండులో కనిపించారు. ఫిజిక్సే చెప్తున్నానంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "గింజలతోనేనా?" అన్నారు. తలూపాను. ఆ చీటీ రాసింది నేనేనని మాత్రం చెప్పలేదు. ఇంతలో ఆవిడ బస్సొచ్చింది.

నిన్న ముందు బెంచీ పిల్ల అడిగింది. "ఇది మీకెవరు నేర్పిన్రు మేడం?"

"మా అరుణ మేడం."

"ఎన్నేండ్లు చెప్పిన్రు మీకు?"

గింజలు ఏరుకుంటున్నట్టు బల్ల కిందికి వంగాను. రెండూ దొరికాక కూడా చాలాసేపు లేవలేదు.