తోటకూర మడి మీద వల

మా పెరట్లో తోటకూర మడి మీద ఇప్పటికీ ఓ పాత చేపల వల కట్టి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి నవ్వుతారు. నవ్వుకోనీ. ఆ వల ఇచ్చిన మనిషిని తలుచుకోకుండా నేను ఆకు కోయను.

నా మనవరాలు తొలి పురిటికి మా ఇంటికి వచ్చింది. వాళ్ళమ్మకి ఉద్యోగం, సెలవు దొరకదు, అందుకని నా దగ్గరకు. కొవ్వూరులో డాక్టరమ్మ చూసి, రక్తం తక్కువగా ఉంది, మాత్రలతో పాటు ఆకుకూరలు బాగా తినాలంది. ఆకుకూర కొనే అలవాటు నాకు లేదు. పెరట్లో మడి చేసి తోటకూర విత్తనాలు చల్లాను. మొలకలు లేచాక, తేమ ఆరిపోకుండా, పీచు మిల్లు దగ్గర ఊరికే దొరికే కొబ్బరి పొట్టు తెచ్చి మొక్కల మధ్య పరిచాను.

అంతే, పిల్లులు దిగాయి. పొద్దున్నే చూస్తే మడి తవ్వి ఉండేది, మొక్కలు వేళ్ళు తేలి పడి ఉండేవి, కంపు సరేసరి. తీసి పారేసి సర్దేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే. ఎవరో కారం చల్లమన్నారు. పిల్లుల కోసం కారం పారబోసే ఇల్లు కాదు మాది. కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాను. నేను లేచి వెళ్ళేదాకా గోడ మీద కూర్చుని చూసేవి.

మిగిలిన మొక్కలు కోసి పప్పులో వేశాను. మనవరాలు కంచం పక్కకు నెట్టింది.

"నేను తినను అమ్మమ్మా. పిల్లులు పాడుచేసిన మట్టి కడుపులో బిడ్డకి మంచిది కాదంట. ఇన్‌ఫెక్షన్ వస్తుందని డాక్టర్ చెప్పారు."

"కడిగానే. ఉడికించానే."

"నాకు సహించట్లేదు. బజార్లో కొందాం."

"బజార్లో కూర ఏ నీళ్ళతో పెరిగిందో నీకు తెలుసేంటి?"

అది పప్పు ముట్టనే లేదు. మజ్జిగన్నం తిని లేచింది. పాలిపోయిన దాని గోళ్ళు చూసి నేనూ కంచం పక్కన పెట్టేశాను.

మర్నాడు చేపలావిడ వచ్చింది. గోదావరిలో వేటాడే ఇంటి మనిషి. ఏళ్ళ తరబడి గంపతో మా గుమ్మంలోకి వస్తుంది, ఏళ్ళ తరబడి నేను బేరమాడతాను. చేపలు కోసి, కడిగి ఇచ్చింది. ఎప్పటిలాగే ఆ నీళ్ళు తీసుకెళ్ళి మడిలో పోశాను. చేపలు కడిగిన నీళ్ళు మొక్కలకు బలమని మా అత్తగారి కాలం నుంచీ అలవాటు.

ఆవిడ గంప ఎత్తుకోబోయి ఆగింది.

"పిల్లులొత్తన్నాయని మీరు తిడతంది ఈ మడి గురించేనాండీ, పిన్నిగారూ?"

"దీని గురించే."

"మెత్తగా పొట్టుతో పరుపేశారు. పైన సేపల వాసన జల్లారు. ఇంక రాక ఏం చేత్తాయండి? శుభలేఖ ఇచ్చి పిలిచినట్టుంది."

"నువ్వమ్మిన చేపేగా."

"ఆయ్, నేను మీకమ్మాను గానీ పిల్లులకి అమ్మలేదండి."

లోపల మనవరాలు నవ్వడం వినిపించింది. వచ్చాక అది నవ్వడం అదే మొదలు.

సాయంత్రం ఆవిడ వేటకి పనికిరాని చిరుగుల వల పట్టుకొచ్చింది. మనవరాల్ని దగ్గరికి రానీయవద్దంది. చేతులకు కవర్లు తొడుక్కుని పాడైన మట్టి, పొట్టు ఎత్తి దూరంగా పూడ్చాం. కొత్త మట్టి పోసి, విత్తనాలు చల్లి, మూలల్లో కర్రలు పాతి, జానెడెత్తున వల కట్టాం.

"బిగించండి పిన్నిగారూ. వదులుగా ఉంటే కాలు చిక్కుకుని పిల్లి చచ్చిపోద్ది. పాపం, దానికీ ఓ చోటు కావాలి కదండీ."

అంటూ, ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకను పెరటి చివర పోగుచేసింది. చేపల నీళ్ళు ఆ పక్కనున్న కొబ్బరి చెట్టు మొదట్లో పొయ్యమంది.

పిల్లులు అటు మళ్ళాయి. ఒకటి మాత్రం వల మీద కాలు పెట్టి, దులుపుకుని, తప్పు నాదే అన్నట్టు చూసి వెళ్ళింది. అవి తిరగబట్టే మా ధాన్యం బస్తాల దగ్గర ఎలకలు లేవు. అదీ ఒప్పుకోవాలి.

తోటకూర వల కళ్ళల్లోంచి పైకి వచ్చాక, మొదటి కోత శుభ్రంగా కడిగి పప్పు వండాను. మనవరాలు కంచం ముందు కూర్చుని అడిగింది.

"ఇది వల కట్టిన మడిలోదేనా అమ్మమ్మా?"

"అందులోదే. తిను."

తిన్నది. మళ్ళీ వడ్డించుకుంది.

మర్నాడు చేపలావిడకి పెద్ద కట్ట తోటకూర ఇచ్చాను. చేపలకి బేరమాడలేదు. ఆవిడ నా మొహంలోకి చూసి, "ఒంట్లో బాగోలేదాండీ, పిన్నిగారూ?" అంది.