జీడి సదస్సుకు వక్తలను ఏరిన వైనం

మా జీడిపప్పు వ్యాపారుల సదస్సుకు వక్తలను ఎంచే పని ఈసారి నాకు అప్పగించారు. నలభై ఏళ్లుగా పలాసలో జీడిపిక్కలు కొట్టించి బతుకుతున్నందుకు కాదు, నా కాన్వెంటు ఇంగ్లిషు చూసి. ఒకసారి నా ఇంగ్లిషు వినడానికి ఇచ్ఛాపురం స్టేషనులో గూడ్సుబండి ఆగిపోయింది. సిగ్నలు పడక ఆగిందని మా ఆవిడ కామేశ్వరి అంటుంది.

వక్తలుగా వచ్చినవాళ్లందరినీ మాట్లాడించాను, అందరినీ తిప్పి పంపాను. ఒకాయనది మరీ బొంగురు గొంతు. ఇంకొకాయన మీసం వేదికకు నప్పదు. జీడిపొట్టుతో బట్టలకు రంగులద్దే టెక్కలి లావణ్యనేమో మరీ చిన్నపిల్ల అన్నాను. ఆవిడకు ఇద్దరు పిల్లలు.

"కుర్సీ మీ కోసం ఖాళీ సేత్తన్నారేటి?" అంది కామేశ్వరి.

నిజమే. ఈ వయసుకీ నన్నెవరూ వేదిక ఎక్కించలేదు, పెళ్లి ఫొటోలకు తప్ప. ప్రధాన వక్తను నేనే కావాలని నా ఆశ.

"అయితే ముందు మన షెడ్డులో మాటాడండి. పప్పు పొట్టు తీసేవోళ్ల సేతులు ఆగితే మీరే వక్త," అంది.

వాళ్లకు కూలి కిలోల లెక్కన. ఊరికే చెయ్యి ఆపరు.

మర్నాడు స్టూలెక్కి ప్రపంచ మార్కెట్ గురించి దంచాను. చాకులు ఆగలేదు సరికదా, జోరందుకున్నాయి. దిగి మేస్త్రి రత్నాలమ్మను అడిగాను, ఎలా ఉందని.

"రోజూ మాటాడండి బాబూ! కబుర్లాడుకోడానికి కుదరక అందరూ బుర్ర దించి పని సేసీసినారు. అప్పుడే తట్టలు నిండిపోనాయి."

ఇంతలో కామేశ్వరి లావణ్యను వెంటబెట్టుకొచ్చింది. ముందే కబురు పెట్టిందట. ఆ పిల్ల స్టూలెక్కలేదు. పొట్టు మరిగించిన నీళ్లలో తెల్లగుడ్డ ముంచి, పిండి, ఎత్తి చూపించింది. ఇటుకరంగు.

"మీరు రోజూ ఊడ్సి పారబోసే పొట్టే, పిన్నీ," అంది రత్నాలమ్మతో.

షెడ్డులో చాకులన్నీ ఆగాయి.

"ఉతికితే ఎలిసిపోదా?" అంటూ రత్నాలమ్మ లేచి వచ్చింది.

"బిందెడు నీళ్లకు ఎంత పొట్టు వెయ్యాలమ్మా?" అని ఎవరో అరిచారు. అందరూ నా వైపు తిరిగారు. ఆ అరిచింది నేనే.

ఇక దాచడానికేముంది? మా వ్యాపారుల సంఘానికి లావణ్య పేరే పంపాను. నన్ను స్వాగతం పలకమన్నారు.

"స్వాగతమంటే నమస్కారం ఎట్టి దిగిపోడం," అంది కామేశ్వరి. "గూడ్సుబండి ఊసెత్తారో, నానే వొచ్చి దింపుతాను."