ఉమ్ నాయెఫ్ పుచ్చగింజలు

ఉమ్ నాయెఫ్ పుచ్చకాయ కోసి పెట్టిందంటే, గింజలు ఉమ్మడానికి ఎదుట ఒక పళ్లెం కూడా పెడుతుంది. "పండు మీది, గింజ నాది" అని ముందే చెప్పేస్తుంది. తిన్నంతసేపూ మన నోటివంకే చూస్తూ కూర్చుంటుంది. ఎంగిలి చేత్తో కాకిని తోలదని మా వీధి ఆడవాళ్లంతా ఆవిడను ఆడిపోసుకునేవాళ్లు. అందరికంటే గట్టిగా అనేది వస్ఫియా.

ఆవిడ పుచ్చ నీళ్లు పెట్టి పెంచే కాయ కాదు. చలికాలపు వానల తేమ మట్టిలో ఎంత మిగిలితే అంతతోనే ఎండల్లో కాస్తుంది. మా జెనీన్ పొలాల నుంచి ఒకప్పుడు లారీల కొద్దీ వెళ్లేవట. తర్వాత అందరూ అంగడి విత్తనానికి మళ్లారు. ఈవిడ ఒక్కతే పాతదాన్ని పట్టుకుని కూర్చుంది. ఎవరైనా గింజలడిగితే, "నీ చేలో అంగడి రకం ఉంది కదే! తేనెటీగ ఊరుకుంటుందా? రెంటినీ కలిపేస్తుంది" అని పొమ్మనేది. మాట నిజమే, చెప్పే తీరే ఒళ్లు మండించేది.

మొన్న చలికాలం చివర్లో ఆవిడ చిన్న కూతుర్ని చూసుకోవడానికి పెళ్లివారు వచ్చారు. కాఫీ వెంట వేయించిన పుచ్చగింజలు పెట్టకపోతే మర్యాద దక్కదు. కొత్త కోడలు హనాదీ నాబ్లుస్ పట్నం పిల్ల. అటక మీద గుడ్డమూట కనబడగానే సంబరపడి, కడిగి, ఉప్పు పట్టించి, కమ్మగా వేయించి తెచ్చింది.

"ఎంత పెద్ద గింజలండీ, ఎక్కడ కొన్నారు?" అని పెళ్లివారు మెచ్చుకున్నారు. ఉమ్ నాయెఫ్ ఒకటి పంటికింద పెట్టి చిట్లించింది. ముఖం పాలిపోయింది. వాళ్లు వెళ్లాక నేల మీది పొట్టు మధ్యలో కూలబడింది.

"మూటలో ఏమైనా ఉంచావా?"

"లేదత్తయ్యా. వేయించడానికే దాచారనుకున్నా."

"మా అమ్మ ఇచ్చిన విత్తనమే అది. నా చేతుల్లోనే అంతరించింది."

మర్నాటికీ ఆవిడ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. హనాదీ ఏడ్చుకుంటూ పక్కింటిదాన్ని కదా అని నా దగ్గరికొచ్చింది. "పిన్నీ, ఊళ్లో ఎవరి దగ్గరైనా ఒక్క గింజ ఉండదా?" అంది. ఆశ లేకపోయినా ఆ పిల్ల ముఖం చూసి చెప్పులేసుకున్నాను. ముందు వస్ఫియా తలుపు తట్టాం.

"అంటే దొంగతనం ఒప్పుకోమంటారు" అని వస్ఫియా పకపకా నవ్వి, లోపల్నించి పెరుగుడబ్బా తెచ్చింది. "నాలుగు బుగ్గన పెట్టుకొచ్చా. పెరట్లో వేసుకుని ఏటా తింటున్నాం. మీ అత్తకి చెప్పావో, చంపుతా."

మూడో ఇంటికి వెళ్లేసరికి నాకూ నవ్వాగలేదు. ఒకావిడ చీటీలో కట్టి దాచింది, ఇంకొకావిడ మందుసీసాలో పోసింది. ఆ పళ్లెం ముందు కూర్చున్న నోళ్లలో సగం దొంగ నోళ్లే!

ఒళ్లో గుమ్మరిస్తే ఉమ్ నాయెఫ్ ఒక్కో గింజనూ వెలుతురుకు పెట్టి చూసింది. అంచున ఎర్రగీత లేనివి, "ఇది కలిసిపోయింది" అని ఏరి పారేసింది. అయినా దోసెడు మిగిలాయి.

"దొంగ ముఖాల్లారా! నా కళ్ల ముందే!" అని తిట్టడం మొదలుపెట్టి, తిట్టు మధ్యలోనే భోరుమంది. కోడల్ని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. నా గుండెల మీది బండ దిగినట్టయింది. హనాదీ రొట్టె, పెరుగు తెస్తే తింది కూడా.

విత్తే రోజులు రాగానే ఆవిడ ఆ దోసెడు గింజలనూ చిన్న చిన్న పొట్లాలు కట్టింది.

"అన్నీ మన చేలో వెయ్యరా అత్తయ్యా?" అని హనాదీ అడిగింది.

"ఒక్క ఇంట్లో ఉంటే ఒక్క పెనానికే పోయింది కదే. ఇళ్లన్నిట్లో ఉండనీ. పక్కన అంగడి రకం వెయ్యొద్దని మాత్రం ఒట్టేయించుకో" అంటూ, మొదటి పొట్లం వస్ఫియాకిమ్మని పంపింది.