ఏంజలిన్‌గారి ఫియట్, మీనాకుమారి బల్బు

మలంచా రోడ్డు మీంచి లోపలికి తిరిగితే మూడో ఇంటి షెడ్డులో బూడిదరంగు ఫియట్ ఒకటి ఉంటుంది. 1968 నాటిది. కారు ఏంజలిన్‌గారిది, నడిపేది మీనాకుమారి ఆంటీ. డెబ్బై ఆరేళ్ళ ఏంజలిన్‌గారు తుంటి ఆపరేషన్ తర్వాత ఆటో ఎక్కలేరు. ఈ కారు ముందు సీట్లో అయితే కాలు చాపుకుని కూర్చోగలరు. ప్రతి ఆదివారం చర్చికి అందులోనే వెళ్తారు.

నాలుగు ఆదివారాలుగా కారు స్టార్టవడం లేదు. ఆవిడ మేనల్లుడు క్రిస్టోఫర్ పాత ఇనుము కొనేవాడితో మాట్లాడేశాడు. సోమవారం లారీ వస్తుంది. అది తెలిసి ఆంటీ, నేనూ బానెట్ ఎత్తింది శనివారం పొద్దున.

నేను ఈ రైల్వే ఊళ్ళో ఇంజనీరింగ్ చదువుతూ ఆంటీ పక్కింట్లో అద్దెకుంటున్నాను. పాత కార్లంటే ప్రాణం. కొత్త మల్టీమీటర్ పట్టుకుని పరిగెత్తాను.

"అదేటి పాపా?" అంది ఆంటీ.

"వోల్టేజీ చూపిస్తుంది ఆంటీ."

"నీ మీటరు అంకెలు సదువుకుంటూ కూకో. నాకు నా బల్బు సాలు." సంచీలోంచి రెండు వైర్లు అతికించిన చిన్న కారు బల్బు తీసింది.

ఆంటీవాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వేవాళ్ళు. భర్త ఉమాశంకర్ సర్వీసులో ఉండగానే పోతే, ఇరవై ఆరేళ్ళప్పుడు ఆమెకి వర్క్‌షాపులో ఖలాసీ పని ఇచ్చారు. రైలు పెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు, బ్యాటరీలు చూసే సెక్షన్. అప్పటికి ఆమెకి ఇంగ్లీషు ముక్క రాదు. ఆ సెక్షన్‌లో గుమాస్తాగా ఉన్న ఏంజలిన్‌గారు టిఫిన్ టైములో పక్కన కూర్చోబెట్టుకుని ఫెయిల్యూర్ రిజిస్టర్ రాయడం నేర్పారు. ఏ పెట్టె, ఏం పోయింది, ఎందుకు పోయింది, ఎవరి చేతిలో పోయింది. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే ఏంజలిన్‌గారు సంతకం పెట్టేవారు కాదట. కారు నేర్పిందీ ఆవిడే. ఆంటీ ఫిట్టర్‌గా రిటైరై ఆరేళ్ళయింది.

హెడ్‌లైట్లు బాగానే వెలిగాయి. తాళం తిప్పితే ఇంజను గిర్రున తిరిగింది కానీ అందుకోలేదు. స్పార్క్ పుట్టించే కాయిల్ నుంచి వచ్చే లావు వైరు పీకి ఇంజను దగ్గరగా పెట్టి చూశాం. స్పార్క్ లేదు. ఆంటీ బల్బు వైరు ఒకటి బాడీకి, రెండోది కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే సన్న తీగకి తగిలించింది.

"ఇప్పుడు తిప్పు. మినుకుమినుకుమనాల."

తిప్పాను. బల్బు వెలిగింది. వెలుగుతూనే ఉంది.

"సూసినావా, కన్నార్పడం నేదు. లోపల పాయింట్లు కలవడం నేదన్నమాట."

డిస్ట్రిబ్యూటర్ మూత తీసింది. లోపలి రెండు చిన్న పాయింట్లు కలుస్తూ విడిపోతూ ఉంటేనే స్పార్క్ పుడుతుంది. పైకి చూస్తే అవి ఆనుకునే ఉన్నాయి. మధ్యలో నల్లటి జిడ్డు. ఆంటీ వేలితో తీసి వాసన చూసింది.

"ఆయిల్ కారిందా ఆంటీ?"

"ఆయిలు కాదే గుంటా. జెల్లీ. నేనే రాసినాను."

వర్క్‌షాపులో బ్యాటరీ టెర్మినల్ బిగించాక చెమ్మ పట్టకుండా పెట్రోలియం జెల్లీ రాయాల్సిందే. ముప్ఫై నాలుగేళ్ళు రాసిన చెయ్యి. ఈసారి వానలు ఎక్కువని, సర్వీసింగ్ చేసేటప్పుడు పాయింట్లకి కూడా రాసేసింది. ఒక ఆదివారం కారు నడిచింది. తర్వాత జెల్లీ మాడి, కరెంటు దాటకుండా పొర కట్టింది.

నాకు భయం వేసింది. ఆంటీయే పాడుచేసిందని తెలిస్తే క్రిస్టోఫర్ కారుని ఇంకా ఉండనిస్తాడా?

"కండెన్సర్ పోయిందని చెప్పేద్దాం ఆంటీ. అతనికేం తెలుస్తుంది?"

"ఆడికి తెలీదు. ఏంజలిన్ దీదీ అడుగుతాదే. ఆవిడకి ఏటని సెప్పను?"

పెట్రోల్‌లో తడిపిన గుడ్డతో పాయింట్లు తుడిచి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది, సందు కొలిచి బిగించింది. ఈసారి బల్బు మినుకుమంది. తాళం రెండోసారి తిప్పేసరికి ఫియట్ దగ్గి, వణికి, నిలదొక్కుకుంది.

ఆ చప్పుడుకి క్రిస్టోఫర్ బయటికి వచ్చాడు. వెనక కర్ర పట్టుకుని ఏంజలిన్‌గారు.

"ఏటైంది ఆంటీ దీనికి?" అన్నాడు.

ఆంటీ డాష్‌బోర్డు అరలోంచి రిజిస్టర్‌లా గడులు గీసిన నోటుబుక్కు తీసి, బానెట్ మీద పెట్టి రాసింది. నాలుగు గడులూ నింపింది.

"సదువు," అన్నారు ఏంజలిన్‌గారు.

"ఫియట్. స్పార్క్ నేదు. పాయింట్లకి జెల్లీ రాసినారు. మీనాకుమారి."

"అంటే నువ్వేనా? నాలుగు వారాలు నేను కారుని తిట్టినాను," అన్నాడు క్రిస్టోఫర్.

"ఇప్పుడు నన్ను తిట్టు బాబూ."

"నా సర్వీసులో ఆ గడిలో తన పేరు తనే రాసుకున్నోళ్ళని సూడలేదు," అన్నారు ఏంజలిన్‌గారు. "అందరూ పక్కోడి పేరే. పెన్ను ఇటు ఇయ్యి మీనా."

నింపాదిగా సంతకం పెట్టారు. తర్వాత మేనల్లుడి వైపు తిరిగారు. "క్రిస్, ఆ లారీవాడికి రావద్దని ఫోన్ చెయ్యి. బిచారా, పాపం ఊరికే వచ్చి తిరిగిపోతాడు."

క్రిస్టోఫర్ నవ్వుతూనే ఫోన్ తీశాడు. ఏంజలిన్‌గారు కర్రని కారుకి ఆనించి, ఆంటీ సంచీలో చెయ్యిపెట్టి జెల్లీ డబ్బా వెతికి తీసుకున్నారు.

"ఇది నా మోకాళ్ళకి. రేపు ఏడున్నరకి రా మీనా. లేటవ్వకు."